వాంతుల యంత్రం

"హైమా, ఆగస్టు పదమూడున ఏం కూర చేశావు?"

ఫోన్లో భర్త కామేశం గొంతు వినపడేసరికి హైమవతి మిక్సీలో కొబ్బరి పచ్చడి తిప్పుతోంది. మిక్సీ ఆపింది. గోడ మీది క్యాలెండర్ కేసి చూసింది. సెప్టెంబరు ఇరవై ఆరు. నిన్న ఏం వండిందో కూడా ఫ్రిజ్ తెరిస్తేనే గానీ గుర్తురాని మనిషిని నెలన్నర కిందటి కూర అడిగితే ఏం చెబుతుంది?

"ఏం, ఇంకా అరగలేదా?" అంది.

"వేళాకోళం కాదు. పాస్‌వర్డ్ అది."

కామేశం తార్నాకలో ఒక వాసనల ప్రయోగశాలలో శాస్త్రవేత్త. అక్కడ కంప్యూటర్ పాస్‌వర్డ్ నలభై అయిదు రోజులకోసారి మార్చి తీరాలి. ఒకసారి పెట్టింది మళ్లీ పెట్టకూడదు. తక్కినవాళ్లు పిల్లల పేర్లు, పెంపుడు కుక్కల పేర్లు, ఇలవేల్పుల పేర్లు వరసగా వాడేసి, దేవుళ్లు కూడా అయిపోయాక కాగితం మీద రాసి టేబుల్ సొరుగులో దాచుకునేవారు. కామేశం మాత్రం మార్చాల్సిన రోజున మధ్యాహ్నం క్యారియర్ మూత తీసి, పై గిన్నెలో ఏ కూర ఉంటే ఆ పేరు, పక్కన తేదీ కొట్టేసేవాడు. "కూరలకు అంతుండదు. మా ఆవిడ ఉన్నంతకాలం నా కంప్యూటర్‌కు ఢోకా లేదు" అని కొత్తగా చేరినవాళ్లకు పాఠం కూడా చెప్పేవాడు.

ఆగస్టు పదమూడున అలాగే మార్చాడు. పదిహేనున జెండా వందనానికి వెళ్లి డెంగీతో తిరిగొచ్చాడు. ఆసుపత్రి, ఇల్లు, మళ్లీ ఆసుపత్రి. నలభై రోజుల తర్వాత లేచి ఆఫీసుకు వెళ్లి కుర్చీలో కూర్చుంటే, ప్లేట్‌లెట్లతో పాటు కూర కూడా ఎక్కడో పడిపోయింది.

"పదిసార్లు తప్పు కొడితే లోపల ఉన్నదంతా తుడిచేసుకుంటుంది. డైరెక్టర్ గారు పెట్టించిన ఏర్పాటు. ఎనిమిది అయిపోయాయి."

"ఏమేం కొట్టారు?"

"వంకాయ, బెండకాయ, దొండకాయ, చిక్కుడుకాయ..."

"ఆగస్టులో చిక్కుడుకాయ ఎక్కడిదండీ? ఇరవై రెండేళ్లుగా తింటున్నారు, ఏ కాలానికి ఏ కాయో కూడా తెలీదా?"

"తెలిస్తే నీకెందుకు ఫోన్ చేస్తాను?"

హైమవతి కెమిస్ట్రీ డిగ్రీ చదువుకున్న మనిషి. ఆధారం లేకుండా మాట్లాడదు. కళ్లు మూసుకుని ఆలోచించింది. పదమూడు మంగళవారం. వాళ్ల వీధిలో సంత పెట్టేది మంగళవారం సాయంత్రం. అంటే ఆ పొద్దున ఫ్రిజ్‌లో కిందటివారం అడుగూబొడుగూ తప్ప ఏమీ ఉండవు. అడుగూబొడుగులో ఎప్పుడూ మిగిలేది ఒక్కటే.

"బీరకాయ," అంది ఖాయంగా.

అవతల కీబోర్డు చప్పుడు. తర్వాత కామేశం నిట్టూర్పు.

"తొమ్మిది," అన్నాడు.

*

ఆ కంప్యూటర్‌లో ఉన్నది పరిశోధన ఒక్కటే అయితే హైమవతి ఇంత పట్టించుకునేది కాదు. పోతే పోయింది, మళ్లీ చేసుకుంటారు. అందులో ఉన్నది సుభద్రమ్మ.

సుభద్రమ్మ డెబ్బై రెండేళ్ల మనిషి. టెలిఫోన్ ఆపరేటర్‌గా రిటైరయింది. పక్షవాతం వచ్చి సగం జ్ఞాపకాలు పోతే కూతురు ఈ ప్రయోగశాలకు తీసుకొచ్చింది. ఇక్కడ వీళ్లు కనిపెట్టిన సంగతి చిన్నదే. మనసు అన్నీ పారేసుకుంటుంది గానీ కడుపులో తిప్పినదాన్ని మాత్రం పారేసుకోదు. హైమవతి తొమ్మిదేళ్లప్పుడు ఏదో రైలు ప్రయాణంలో పాచిపోయిన పులిహోర తిని కక్కుకుంది. ఎదుటి సీట్లో కూర్చున్నామె చీర అంచు ఏ రంగో నేటికీ చెప్పగలదు. అయితే అదే వారం బళ్లో ఏం చదివిందో చెప్పమంటే చెప్పలేదు. అందుకని వీళ్లొక యంత్రం చేశారు. మనిషి ముక్కుకు తొడుగు పెడతారు. కావలసిన రోజున చుట్టూ ఉన్న వాసనలన్నీ మళ్లీ కలిపి పీల్పిస్తారు. వాటి వెనకే ఒక ఘోరమైన వాసన వదులుతారు. కడుపులో దేవుతుంది. ఆ దేవడంతో పాటు పోయిన రోజు మొత్తం పైకొచ్చేస్తుంది. కాగితాల మీద దాని పేరు స్మృతిశోధని. హైమవతి మాత్రం వాంతుల యంత్రం అనేది.

వచ్చే చిక్కల్లా తర్వాత. ఆ రోజు తాలూకు ఏ వాసన వాడారో దానికి ఆ వెగటు అంటుకుపోతుంది. సుభద్రమ్మకు మనవరాలు పుట్టిన రోజు గుర్తొచ్చింది గానీ, ఆనాటి నుంచి ఆ మనవరాలు దగ్గరికొస్తే డోకులు. ఎనిమిదేళ్ల పిల్ల గడప అవతల నిలబడి, "అమ్మమ్మా, నేను స్నానం చేసే వచ్చాను" అంటుందట. దీనికి విరుగుడు ఉంది. వాంతి వచ్చే క్షణంలో ఆ మనిషికి పట్టిన చెమట తీసి దాచి, అప్పుడు యంత్రం రాసుకున్న అంకెల ప్రకారం దాన్ని ఇతర ద్రవ్యాలతో కలిపి వాసన చూపించాలి. అదీ యాభై రోజుల లోపు. సుభద్రమ్మ చెమట ప్రయోగశాల ఫ్రిజ్‌లో ఉంది. అంకెలు కామేశం కంప్యూటర్‌లో ఉన్నాయి. ఇంకా మిగిలింది అయిదు రోజులు.

"పాపం ఆ పిల్ల," అంది హైమవతి ఆ సాయంత్రం, భర్తకు మజ్జిగ అన్నం వడ్డిస్తూ. "ఏదో ఒకటి చెయ్యండి."

చెయ్యండి అని తనే అంది. తర్వాత తర్వాత ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా తన నాలుకను తనే కరుచుకునేది.

*

మర్నాడు హైమవతి బట్టలు నానబెట్టబోతే విడిచిన బట్టల బుట్టలో నీలం నేతచీర లేదు. రెండు రోజులు కట్టి విడిచిన చీర. వంటింట్లో మసిగుడ్డ లేదు. మంచం మీద ఆమె దిండు గలీబు లేదు. ఇంట్లో దొంగలు పడితే మసిగుడ్డ పట్టుకుపోరు గదా అనుకుని కూతురు మేదినిని అడిగింది.

"నాన్న పొద్దున్నే ప్లాస్టిక్ కవర్లో ఏవో కుక్కుకుంటున్నారు. లాండ్రీకేమో అనుకున్నా." మేదిని ఇంటర్ రెండో సంవత్సరం. తండ్రి ఇంటిపని చేస్తున్నాడంటే తనకు నమ్మబుద్ధి కాలేదని కూడా చెప్పింది.

మధ్యాహ్నం నాలుగు గంటలకు కింద వీధిలోంచి కేక వినపడింది.

"అరటిపువ్వు! హైమా, అరటిపువ్వు!"

హైమవతి బాల్కనీలోకి వచ్చింది. ఎదురింటివాళ్లు కూడా వచ్చారు. కామేశం అపార్ట్‌మెంట్ గేటు దగ్గర రెండు చేతులూ ఎత్తి, ఎన్నికలు గెలిచినవాడిలా నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది గానీ నవ్వుతున్నాడు.

"దొరికింది! తెరుచుకుంది! సుభద్రమ్మకు రేపే విరుగుడు!"

అరటిపువ్వు! అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. పక్క ఫ్లాట్‌వాళ్లు తోటలో కాసిందని ఇస్తే, పొద్దున అయిదింటికి లేచి, చేతికి నూనె రాసుకుని, ఒక్కో పువ్వులోంచి ఆ గట్టి పుల్ల ఏరిపారేసి, రెండు గంటలు కూర్చుని చేసింది. వేళ్లు నాలుగు రోజులు నల్లగా ఉన్నాయి. అంత శ్రమపడింది తనకే గుర్తులేనప్పుడు తిన్నవాడిని ఏమంటుంది? కాస్త సిగ్గు, కాస్త సంబరం కలిసి తలుపు తీయడానికి పరుగెత్తింది.

కామేశం మెట్లెక్కి వచ్చాడు. నవ్వుతూనే గుమ్మం దాటాడు. ఆమెకు రెండడుగుల దూరంలో ఆగాడు. నవ్వు ఆగిపోయింది. ముక్కుపుటాలు అదిరాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. చేత్తో నోరు మూసుకుని పక్కకు తిరిగి చెప్పుల స్టాండు మీద భళ్లున కక్కేశాడు.

"అయ్యో, మళ్లీ జ్వరమా?" అని హైమవతి వీపు రాయబోయింది.

"రాకు!" అన్నాడతను, చెయ్యి అడ్డం పెట్టి. "దగ్గరికి రాకు హైమా. దండం పెడతాను."

చెప్పుల్లోకి కారుతున్నదాన్ని మేదిని అసహ్యంగా చూసింది. "నాన్నా, అవి నా కొత్త చెప్పులు," అంది.

అతను బాల్కనీలోకి వెళ్లి, తలుపు మూసుకుని, అద్దం అవతలి నుంచి ఫోన్ చేసి విషయం చెప్పాడు. పోయిన రోజు వాసన తయారు చెయ్యడానికి ఆ రోజు తన చుట్టూ ఉన్న వాసన కావాలి. తన చుట్టూ ఉండేది హైమవతి వాసన. అందుకే చీర, గలీబు, మసిగుడ్డ. యంత్రం ఎక్కాడు. ఆగస్టు పదమూడు మొత్తం కళ్లెదుట నిలిచింది. క్యారియర్ మూత తీయడం, కూర, కీబోర్డు మీద వేళ్లు, అన్నీ.

"మరి మీ విరుగుడు?"

అతను అద్దంలోంచి చూశాడు.

"అంకెలు రాసుకోవాల్సింది ఆ కంప్యూటరే. అది అప్పటికి తాళం వేసి ఉంది కదా. అంకెలు లేని చెమట ఎందుకని తియ్యలేదు. నా దగ్గర పరిశోధన చేస్తున్న రజిత వద్దంది. డైరెక్టర్ గారు తెరిచాక చూసుకుందామన్నారు."

"మీరేమన్నారు?"

"సుభద్రమ్మ గారి సంగతి..."

"నా చీర తీసేటప్పుడు నన్ను అడగాలనిపించలేదా?"

ఆమె చెప్పుల స్టాండు కడగడానికి వెళ్లింది.

*

సుభద్రమ్మ మనవరాలు గడప దాటింది. అమ్మమ్మ ఒళ్లో కూర్చున్న ఫొటో ప్రయోగశాలలో నోటీసు బోర్డుకు ఎక్కింది. హైమవతి ఇంట్లో మాత్రం గడపలు పెరిగాయి.

హాల్లో కామేశం, పడకగదిలో హైమవతి, మధ్య ఫ్యాను గాలి ఎటు వీస్తుందో చూసుకుని నడవడం. ఆమె మొదట్లో దీన్నొక కెమిస్ట్రీ ప్రశ్నగా తీసుకుంది. వాసన లేని సబ్బు తెచ్చుకుంది. తలకు కొబ్బరినూనె మానేసింది. పసుపు, ఇంగువ, పోపు మానేసింది. ఉప్పేసి ఉడకబెట్టిన కూరలు చూసి మేదిని, "ఆసుపత్రిలో ఉండి వచ్చింది నాన్నా, మనమా?" అంది. హైమవతి రోజుకు మూడుసార్లు స్నానం చేసింది. చీరలు రెండుసార్లు ఉతికింది. నాలుగో రోజున, తనకే తను గాజుగ్లాసులా ఏ వాసనా లేకుండా ఉన్నాననిపించాక, మంచినీళ్లు పట్టుకుని హాల్లోకి వెళ్లింది.

కామేశం ఎంతో మర్యాదగా గ్లాసు అందుకున్నాడు. ఎంతో మర్యాదగా బాత్రూంకు వెళ్లి వాంతి చేసుకున్నాడు. లోపల నల్లా తిప్పి చప్పుడు వినపడకుండా చేశాడు కూడా. ఆ నల్లా చప్పుడే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. మనిషిని చూసి కక్కుకోవడం ఒక ఎత్తు, కక్కుకున్నట్టు తెలియనివ్వకపోవడం ఇంకో ఎత్తు. ఎదుట పడుకోబెట్టిన శవానికి తెలియకుండా ముక్కు మూసుకునే బంధువుల్లాగా.

అద్దం ముందు నిలబడి తన మోచెయ్యి తనే వాసన చూసుకుంది. ఏమీ లేదు. మళ్లీ చూసుకుంది. ఇరవై రెండేళ్ల కాపురం తర్వాత ఒక ఆడమనిషి పగటిపూట తలుపు గడియ పెట్టుకుని తన చంకలు తనే వాసన చూసుకోవడమంత రోత ఇంకోటి ఉండదనిపించింది. మర్నాడు ఇంగువ వేసి పోపు పెట్టింది.

అక్టోబరు మూడో వారంలో డైరెక్టర్ పురుషోత్తం, కామేశం దగ్గర పరిశోధన చేస్తున్న రజిత వచ్చారు. పురుషోత్తం అర డజను ఆపిల్ పళ్లు తెచ్చాడు. రజిత ఉత్త చేతులతో వచ్చి, మొహం తిప్పుకుని కూర్చుంది. కామేశం బాల్కనీలో ఉన్నాడు.

"సైన్సుకు మీ కుటుంబం చేస్తున్న త్యాగం చాలా గొప్పది మేడం," అన్నాడు పురుషోత్తం. "మా వైపు నుంచి ఒక దారి దొరికింది. కామేశం గారిని మళ్లీ ఎక్కించలేం, వెగటు మీద వెగటు పేరుకుంటుంది. కాని ఆ రోజు ఆ వాసనల్లోనే ఉన్న ఇంకో మనిషి యంత్రం ఎక్కి, అదే రోజును పైకి తెచ్చుకుంటే, ఆ మనిషి చెమట ఈయన విరుగుడుకు పనికొస్తుంది."

"ఇంకో మనిషి అంటే?"

"మీరే మేడం. మీ దగ్గర కామేశం గారి విడిచిన చొక్కా..."

"అంటే ఇప్పుడు ఆయనకు నేను కంపు. అప్పుడు నాకు ఆయన కంపు. అంతేనా?"

"అమ్మకి నాన్న ఇప్పటికే కంపు కొడుతున్నారు, కొత్తగా యంత్రమెందుకు?" అంది మేదిని పుస్తకంలోంచి తలెత్తకుండా.

పురుషోత్తం నవ్వాడు. "మీకూ విరుగుడు చేస్తాం మేడం."

"దేంతో?" అంది హైమవతి. "నా చెమట ఆయనకు పోతే?"

"దాని మీద పరిశోధన జరుగుతోంది."

రజిత ఇక ఉండబట్టలేకపోయింది. "మేడం, చెమట చెంచాడు గూడ రాదు. ఒక్క మనిషికే సరిపోతది. సార్ మంచిగైతే మీరు అట్లనే ఉండిపోతరు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్న, మీరు ఆలోచించుకోన్రి."

"ఆడవాళ్లకు సహనం ఎక్కువ," అన్నాడు పురుషోత్తం, రజిత కేసి చురుగ్గా చూసి. "పైగా వాసన చూసి బతకడం కామేశం గారి వృత్తి. మీకైతే..."

"నాకైతే ఇంట్లో పనే గదా," అంది హైమవతి. లేచి ఆపిల్ పళ్ల కవర్ లోపల పెట్టి వచ్చింది. తర్వాత బాల్కనీ అద్దం దగ్గరికి వెళ్లి భర్తకు ఫోన్ చేసింది. అవతల అతను ఫోన్ తీశాడు. ఇద్దరి మధ్యా మూడంగుళాల తలుపు.

"విన్నారా?"

"విన్నాను."

"ఏం చెయ్యమంటారు?"

అతను చాలాసేపు కింద వీధిలో పోతున్న ఆటోల కేసి చూశాడు. ఒక్కసారి "వద్దు" అంటాడని ఆమె ఎదురుచూసింది. వద్దంటే సంతోషంగా ఎక్కేసేది కూడా. ఆమె స్వభావం అంత.

"నీ ఇష్టం," అన్నాడు.

*

గురువారం పొద్దున హైమవతి ప్రయోగశాలకు వెళ్లింది. కామేశం విడిచిన చొక్కా తనే కవర్లో పెట్టుకుని తీసుకెళ్లింది. మనిషిని అడిగి తీసుకెళ్లింది కూడా.

యంత్రం చూడటానికి పళ్ల డాక్టరు కుర్చీలా ఉంది. పక్క అరలో వరసగా మూతలు బిగించిన సీసాలు. ఒక దాంట్లో నీలం నేతచీర చుట్ట చుట్టి ఉంది. మీద చీటీ: హెచ్-1. తను కట్టి తిరిగిన చీర ఊరగాయలా సీసాలో ఉండటం చూసి హైమవతికి ఒళ్లు జలదరించింది. అద్దం గోడ అవతల కామేశం కూర్చుని ఉన్నాడు. ఇక్కడి మాటలు అక్కడికి స్పీకర్లో వినపడతాయి.

రజిత ముక్కుకు తొడుగు బిగించింది. నుదుటి మీద, మెడ మీద చెమట పీల్చే దూది బిళ్లలు అంటించింది. "మేడం, ఎప్పుడన్నా వద్దనిపిస్తే చెయ్యి లేపున్రి," అంది మెల్లగా.

చొక్కా వాసన వచ్చింది. వంటింటి వాసన వచ్చింది. పురుషోత్తం మీట నొక్కాడు. వెనకే మొదటి ఘోర వాసన వచ్చింది.

హైమవతి పీల్చింది.

"ఏమైనా గుర్తొస్తోందా మేడం?" అన్నాడు పురుషోత్తం.

"సింకు జాలీ," అంది హైమవతి. "మూడు రోజుల మెతుకులు. టీ పొడి కూడా ఉంది."

రజిత అంకెల పలక కేసి చూసి తల అడ్డంగా ఊపింది. వెగటు కొలిచే సూది కదల్లేదు. పురుషోత్తం రెండోది వదిలాడు.

"పాలు పొంగి స్టవ్ గట్టు కిందికి పోయాయి. ఎవరూ చూసుకోలేదు. వారం అయ్యుంటుంది."

మూడోది.

"కూరల బుట్ట అడుగున బంగాళాదుంప. చెయ్యి పెడితే వేలు దిగబడుతుంది చూశారూ, ఆ స్థితిలో ఉంది."

"మేడం, ఆ వాసన తయారు చెయ్యడానికి మాకు మూడేళ్లు పట్టింది," అన్నాడు పురుషోత్తం, కాస్త నొచ్చుకుని.

"వానాకాలమైతే మాకు మూడు రోజులు చాలండి."

పురుషోత్తానికి పట్టుదల వచ్చింది. మీట పైదాకా నెట్టాడు. యంత్రంలోంచి ఏదో గొట్టం ఊడినట్టు చప్పుడయింది. గదంతా ఒక్కసారిగా కంపు అలుముకుంది. పురుషోత్తం కళ్లు తేలేసి, నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని తలుపు కేసి పరుగెత్తాడు. వరండాలో అతను కక్కుకుంటున్న చప్పుడు వినపడింది. రజిత గోడకు చేరగిలబడి డోకుతూ ఒక చేత్తో గొట్టం బిగించింది. హైమవతి కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంది. నుదుటి మీది దూది బిళ్లలు ఎలా అంటించినవి అలా, పొడిగా ఉన్నాయి.

"ఇది నాకు తెలుసు," అంది నెమ్మదిగా. "ఇది డెంగీ. ఆసుపత్రిలో మూడో రోజు. బకెట్ దాకా వెళ్లలేకపోయారు. దుప్పటి మీద, నా చేతుల మీద, నేల మీద. నర్సు ముక్కు మూసుకుని వెళ్లిపోయింది. నేను తుడిచి, చేతులు కడుక్కుని, ఆ చేతులతోనే ఇడ్లీ తిన్నాను. ఆకలేసింది మరి."

అద్దం అవతల కామేశం తల దించుకున్నాడు.

"సూది అస్సలు కదల్తలేదు మేడం," అంది రజిత, మూతి తుడుచుకుంటూ. "చెమట చుక్క గూడ రాలే. మీకు అసలు వెగటే పుట్టదా?"

"పుట్టకేం. మొన్న పుట్టింది."

"దేనికి?"

"నీ ఇష్టం అన్న మాటకు."

రజిత అద్దం కేసి చూడబోయి మానేసింది. తొడుగు విప్పి, దూది బిళ్లలు ఒక్కొక్కటే పీకింది. "మరి ఇవన్నీ ఎట్ల ఓర్చుకుంటరు మేడం? నాకైతే పేగులు బయటికొచ్చినట్టయింది."

"ఓర్చుకోవడమేంటి? కొత్తకాపురంలో నాకూ అచ్చం ఇలాగే. సింకు జాలీ తియ్యాలంటే చీపురుపుల్లతో తీసి, వెళ్లి కక్కుకుని వచ్చేదాన్ని. తర్వాత చెంచా వాడాను. తర్వాత రెండు వేళ్లు. తర్వాత ఏముంది, చెయ్యి. ఎవరూ విరుగుడు ఇవ్వలేదు. చేస్తూ ఉంటే ముక్కే రాజీపడింది."

"ఎన్ని రోజులు పట్టింది?"

హైమవతి లెక్క వేసుకుంది. "నాలుగు నెలలు." ఆ మాట అని, కుర్చీలోంచి లేవబోతున్నది అలాగే ఆగింది. ప్రయోగశాలలో తెల్లకోట్లు తొడుక్కున్నవాళ్లు నలుగురున్నారు గానీ, ఆ క్షణంలో ఏదో కనిపెట్టినవాళ్ల మొహం ఆమెది.

వరండాలోంచి పురుషోత్తం మొహం కడుక్కుని వచ్చాడు. "మేడం, మీది అపూర్వమైన కేసు. మీ మీద ఒక వ్యాసం రాయాలి. పేరు లేకుండా, హెచ్-1 అని."

"పేరుతోనే రాయండి," అంది హైమవతి. "పి. హైమవతి, బి.ఎస్సీ. ఇంక ఆ చీర ఇలా ఇవ్వండి."

*

శనివారం పొద్దున ఆమె కామేశాన్ని వంటింట్లోకి పిలిచింది. తను అవతల, కిటికీ దగ్గర, ఆరడుగుల దూరంలో నిలబడింది. సింకు చూపించింది.

"జాలీ తియ్యండి."

"నేనా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు?"

"గ్లవ్స్ ఎక్కడున్నాయి?"

"నాకెవరైనా ఇచ్చారా?"

"హైమా, నాకు నీ వాసనే పడటం లేదంటే మళ్లీ ఈ మురుగు..."

"ఆ మురుగు ఎవరిదనుకున్నారు? మీరు తిన్నది, నేను కడిగింది. నా వాసన అంటే ఏంటో సీసాలో పెట్టి చూశారు గదా. ఇది సీసాలో పట్టనిది."

"నేను డాక్టరేట్ చేశాను," అన్నాడు కామేశం, ఎందుకన్నాడో తనకే తెలీక.

"జాలీకి చెప్పను లెండి."

అతను చీపురుపుల్లతో మొదలుపెట్టాడు. వెళ్లి కక్కుకున్నాడు. వచ్చాడు. మళ్లీ వెళ్లాడు. ఆ రోజు నల్లా తిప్పలేదు. చప్పుడంతా ఇంటినిండా వినపడింది. హైమవతి ఆ చప్పుడు వింటూ కాఫీ తాగింది. మేదిని తలుపు సందులోంచి చూసి, "నాన్న ప్రాక్టికల్సా?" అని వెళ్లిపోయింది.

మూడో రోజున చెంచా అడిగాడు. వారానికి పాలగిన్నె అడుగు గీకాడు. కూరల బుట్ట దులిపాడు. చెత్తబుట్ట అడుగున ఊరిన నల్లటి నీళ్లు చూసి, "ఇది రోజూ ఉంటుందా?" అన్నాడు. రోజూ ఉంటుందంది. "నేనెప్పుడూ చూళ్లేదే," అన్నాడు. ఆమె బకెట్ కేసి చెయ్యి చూపించింది. కొన్ని సంగతులు మనిషి తనంతట తనే వినాలి.

రజిత ఆదివారాలు వచ్చి, పురుషోత్తానికి చెప్పకుండా ఒక నోట్‌బుక్‌లో రాసుకునేది. ఎన్నిసార్లు కక్కుకున్నారు, మేడం ఎంత దూరంలో నిలబడ్డారు. మొదటి వారం ఆరడుగులు. మూడో వారం నాలుగు. "తగ్గుతున్నదా సార్?" అని అడిగితే కామేశం, "తగ్గుతున్నట్టు లేదు. ఎటు చూసినా కంపే ఉండేసరికి హైమ ఒక్కదాన్నే ఏం అంటాను?" అన్నాడు. రజిత అది కూడా రాసుకుంది.

అతని ముక్కు తనను ఎన్నాళ్లకు ఒప్పుకుంటుందా అని ఇంట్లో, ప్రయోగశాలలో అందరూ లెక్కలు కడుతున్నారు. తన ముక్కు అతన్ని ఒప్పుకుందా లేదా అని హైమవతిని అడిగినవాళ్లు లేరు. అడిగితే ఆమె దగ్గరా జవాబు లేదు. నీ ఇష్టం అన్న మాట కూరలో మాడు వాసనలా ఎంత కలిపినా పైకి వస్తూనే ఉంది.

డిసెంబరు మొదటి వారంలో బాత్రూం తూము నిండి నీళ్లు ఎదురుతన్నాయి. కామేశం లుంగీ మడిచి కట్టి కూర్చున్నాడు. ఇప్పుడు పుల్లా లేదు, చెంచా లేదు. మోచేతి దాకా చెయ్యి దూర్చి లాగాడు. సబ్బు జిగురుతో, నల్లటి పాచితో, పిడికెడంత ముద్ద వచ్చింది. పొడుగాటి వెంట్రుకలు. సగం నలుపు, సగం తెలుపు. మేదినిది కురచ జుట్టు. ఇంట్లో అంత పొడుగు జుట్టున్నది ఒక్కరికే.

హైమవతి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. మూడడుగులు.

అతను ఆ ముద్ద కేసి చూశాడు. గొంతు కదిలింది. ఒకసారి, రెండుసార్లు డోకొచ్చింది. కళ్లలోంచి నీళ్లు కారాయి. పక్కకు తిరిగి ఊపిరి పీల్చుకున్నాడు. చేతిలోది మాత్రం వదల్లేదు. వేలితో పాచి తోసి, ఒక తెల్ల వెంట్రుకను విడదీశాడు.

"ఇవెప్పుడు నెరిశాయి హైమా?" అన్నాడు.

"నాలుగేళ్లయింది."

అతను ఇంకేదో అనబోయాడు. క్షమాపణ లాంటిదేదో నోటిదాకా వచ్చినట్టు కనిపించింది. హైమవతికి అది ఇప్పుడు వినాలనిపించలేదు. చెయ్యి తూములో పెట్టుకుని చెప్పే మాటలు చెయ్యి కడుక్కున్నాక కూడా చెబుతాడో లేదో చూడాలనుకుంది.

"లోపల ఇంకా ఉంటుంది," అంది. "ఎడమవైపుకు తిప్పి లాగండి."

అని, ఒకడుగు ముందుకు వేసి, వెలుతురు పడేలా తలుపు తెరిచి పట్టుకుంది. కామేశం తల ఎత్తి ఆమె కేసి చూశాడు, ఒక పెద్ద ఊపిరి తీసుకున్నాడు, చెయ్యి మళ్లీ లోపలికి పెట్టాడు.